నాలుగు ముడుల పొట్లం

మా పెద్ద తోడికోడలు, నేను అక్కయ్యా అని పిలిచే మంగతాయారుగారు పోయిన గురువారం మధ్యాహ్నం, భోజనాలైన కాసేపటికి, గుండెలో నొప్పి అంటూ ఒరిగి, డాక్టరుగారు వచ్చేలోపే కన్నుమూశారు. నలభై నిండని మనిషి. పొద్దున రొయ్యలు ఒలిచిన చేతులు సాయంత్రానికి చల్లబడిపోయాయంటే నా మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. ఏలూరులో మా గుమ్మం తొక్కిన ప్రతివారూ ఆమె చేతి చల్లని మంచినీళ్లు తాగినవారే. ఈ నాలుగు మాటలు వారందరి కోసం. ఒక్క మాట మాత్రం మా అత్తగారి కోసం.

మా మామగారిది కొల్లేటి చేపల వ్యాపారం. కైకలూరు వైపు నుంచి వచ్చిన సరుకును బుట్టల్లో ఐసు దట్టించి రైలుకు ఎక్కించేవారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది ఆయన ముచ్చటపడి మద్రాసు నుంచి రిఫ్రిజిరేటరు తెప్పించారు. మా వీధికంతటికీ అదే మొదటిది. దానికి తాళం ఉండేది. ఆ తాళంచెవి అక్కయ్య బొడ్లో దోపుకునే గుత్తిలో చేరింది.

అక్కయ్య పుట్టింది కొల్లేటి లంకలో. కొర్రమీనును కుండనీళ్లలో బతికించి ఉంచడమే ఆమె ఎరిగిన నిలవ విద్య. అక్షరం ముక్క రాదు. అయినా ఆ యంత్ర స్వభావాన్ని నెల తిరక్కుండా ఆకళింపు చేసుకున్నారు. చేపముక్కలను అరిటాకుల్లో విడివిడిగా చుట్టేవారు. రొయ్యలు మునిగేలా నీళ్లు పోసి గడ్డకట్టించి, ఆ గడ్డనూ ఆకులో చుట్టేవారు. పొట్లానికి అరటినార కట్టి ఆదివారానికి ఒక ముడి, సోమవారానికి రెండు, అలా శనివారానికి ఏడు వేసేవారు. ఏది ముందు వండాలో కళ్లు మూసుకుని తడిమి చెప్పేవారు. వారం దాటిన పొట్లం ఇంట్లో ఉండకూడదన్నది ఆమె నియమం.

ఒకసారి మా బావగారు పొగలు కక్కుతున్న పులుసుగిన్నెను తీసుకెళ్లి లోపల పెట్టబోయారు. "ఏవండీ, వేడిది పెడితే పెట్టెకి జ్వరం వస్తుందండీ. ఆ జ్వరం పాలకీ అంటుకుంటుంది" అంటూ అక్కయ్య గిన్నె అందుకుని కిటికీలో పెట్టారు. నేను తలుపు తెరిచి ఏం కావాలో మరిచిపోయి నిలబడితే, "ఆలోచించుకుని తలుపు తియ్యి చెల్లీ, తలుపు తీసి ఆలోచించకు" అనేవారు. పక్షానికో శుక్రవారం పెట్టె ఆపి, తలుపు బార్లా తెరిచి, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవారు. గీకనిచ్చేవారు కాదు, పొడవనిచ్చేవారు కాదు. ఐసు దానంతటదే కరిగాక వంటసోడా నీళ్లతో లోపలంతా తుడిచేవారు. పసిబిడ్డకు ఒళ్లు తుడిచినంత ఓపికగా ఉండేది ఆ పని.

నేను కాపురానికి వచ్చిన మూడో నెలలో, రైలు ఆలస్యమై మామగారి సరుకు ఒకటి కుళ్లిపోయింది. "చిన్నకోడలు అడుగుపెట్టిన వేళ" అని అత్తగారు ఒకరిద్దరి దగ్గర అననే అన్నారు. ఆ వారంలోనే ఇంటికి చుట్టాలు వచ్చారు. అక్కయ్య పెరట్లో తలంటుకుంటూ తాళంచెవి నాకిచ్చి పొట్లం తెమ్మన్నారు. అది పై అరలో ఐసుకు అతుక్కుపోయి ఎంతకీ ఊడిరాలేదు. నేను చింతలపూడి మెట్టపిల్లని. ఐసు సంగతి తెలియదు గానీ, పెనానికి అట్టు అంటుకుంటే ఏం చెయ్యాలో తెలుసు. అట్లకాడ తెచ్చి అడుగున దూర్చి ఒక్క పోటు పొడిచాను. బుస్సుమని లోపలి గాలంతా పోయింది. యంత్రం తిరుగుతూనే ఉంది, చల్లదనం మాత్రం రాలేదు.

అక్కయ్య తడితలతో పరుగెత్తుకొచ్చారు. నా మొహం చూశారు. అట్లకాడ లాక్కున్నారు. వెనకే వచ్చిన మామగారితో, "నా చేతులతోనే పోయిందండీ మామయ్యగారూ. తొందరపడి పొడిచేశాను" అన్నారు. నేను నోరు తెరవబోతే నా కాలు గట్టిగా తొక్కారు.

"లంక బుద్ధి పోనిచ్చావు కాదు" అన్నారు అత్తగారు.

పెరట్లో నేను ఏడుస్తూ, "ఇప్పుడే వెళ్లి చెప్పేస్తానండీ" అన్నాను. "ఊరుకో చెల్లీ. నాకు పన్నెండేళ్ల కాపురం, ఓ మాట పడితే తట్టుకుంటాను. నువ్వు పడితే అది నీ పిల్లల దాకా వస్తుంది" అన్నారామె.

మెకానిక్ మద్రాసు నుంచి వచ్చి బాగుచేసేసరికి ఆరు నెలలైంది. అప్పటిదాకా అందులో ఆవకాయ జాడీలు పెట్టుకున్నాం. పెట్టె మళ్లీ చల్లబడిన రోజున అత్తగారు తాళంచెవిని అక్కయ్య గుత్తి నుంచి తీసి నా చేతిలో పెట్టారు. ఆనాటి నుంచి పనంతా ఆమెది, తాళంచెవి నాది. "చెల్లీ, కాస్త తాళం తీస్తావా?" అని అడిగేవారు. ఏ రోజూ ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. వీధిలో వాళ్లు "అట్లకాడ పెద్దకోడలు" అంటే తనూ నవ్వేవారు. నేను మొదట భయంతో, తరవాత అలవాటుగా, ఆ తరవాత సిగ్గుతో నోరు మూసుకున్నాను.

మొన్న పరామర్శకు వచ్చినవారితో అత్తగారు కళ్లు తుడుచుకుంటూ, "బంగారంలాంటి మనిషండీ. ఆ పెట్టె ఒక్కటీ పాడుచేసింది గానీ..." అన్నారు. నిజమైన దుఃఖంతోనే అన్నారు. ఆ 'గానీ' నాది. దాన్ని ఆమె పేరుతో పాటు కాటికి పంపలేక ఈ వ్యాసం రాస్తున్నాను.

అక్కయ్యా, మీరు బుధవారం కట్టిన నాలుగు ముడుల పొట్లం పై అరలో అలాగే ఉంది. వారం దాటిపోయింది. మీ నియమం తప్పింది. ఆ ముడులు విప్పడానికి నాకు చేతులు రావడం లేదు. మీలాంటి మనిషిని ఈ ఇల్లు మళ్లీ చూడదు.

అత్తయ్యగారూ, రోజూ మీకు పేపరు చదివి వినిపించేది నేనే. ఇది అచ్చయిన పొద్దున కూడా మీ మంచం పక్కన కూర్చుని, ఒక్క ముక్క దాటెయ్యకుండా నేనే చదువుతాను. ఆ పోటు పొడిచింది నేనండీ. తాళంచెవి ఇదిగో.