రోడ్డుకడ్డంగా మిరపకాయలు

కొండమ్మ కూలికి మిరపకాయల తొడిమలు తీస్తుంది. సాయంత్రానికి మండే చేతులకు మజ్జిగ రాసుకుని, నవ్వుతూ ఊదుకుంటుంది. వాళ్ళ కాలనీలో ఇంటింటా ఇదే పని. వాళ్ళ చీరలకు పట్టిన మిరప ఘాటుకు బస్సంతా తుమ్ముతుందని డ్రైవర్లు అక్కడ ఆపరు. మొన్న నెలలు నిండిన కోడలు మహిమను పర్చూరు ఆసుపత్రికి పంపాల్సి వచ్చింది. కొండమ్మ రోడ్డుకడ్డంగా ఎండుమిరపకాయలు పరిచేసింది. బస్సు ఆగింది.

"ఏందమ్మా, రోడ్డు మీదేనా ఎండబెట్టేది?" అని అరిచాడు డ్రైవర్.

"నా కోడల్ని ఎక్కించుకో, లేదంటే ఈ కాయల్ని తొక్కించుకుపో నాయనా! పర్చూరు దాకా తుమ్ముకుంటా పోతారు."

డ్రైవర్‌కు నవ్వొచ్చింది. "సరే, ఎక్కించి కాయలెత్తమ్మా."

కొండమ్మ తొందరేమీ లేకుండా ఒక్కొక్క కాయే ఏరి గంపలో వేసింది. ఆలోగా మహిమ వెనకాలే కాలనీ ఆడవాళ్ళందరూ ఎక్కి కూర్చున్నారు.