మూడు గళ్ల టోపప్ప

పోయిన వారం మా మనవరాలు ల్యాప్‌టాప్ తెచ్చి, నేను అనపకాయలు ఒలుచుకుంటున్న చాట పక్కన పెట్టింది. అది బెంగళూరులో బొమ్మల సినిమాలు తీసే చదువు చదువుతోంది. శని, ఆదివారాలు చిక్కబళ్ళాపురం వస్తే నా పక్కన కూర్చుని ఒక కాయ ఒలిచి, రెండు గింజలు నోట్లో వేసుకుని, ఇక చాలనుకుంటుంది. "అవ్వా, ఇది నూరేండ్ల నాటి కార్టూన్. పేపర్లో వచ్చే బొమ్మల కథను సినిమా చేసిండారు. అయిదు నిమిషాలే, చూడు" అంది. కళ్లజోడు తుడుచుకుని చూశాను. నలుపు తెలుపు బొమ్మలు, మాట లేదు, పాట లేదు, గీతలన్నీ చలికి వణికినట్టు వణుకుతున్నాయి. ఒక పొట్టి లావు మనిషి, నెత్తిన తనకంటే పొడుగు టోపీ. వెనకాల చుట్టలు తిరిగిన కొమ్ములతో ఒక పొట్టేలు. నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "వీడు మా టోపప్ప గదా" అన్నాను. మనవరాలు నవ్వి అతని అసలు ఇంగ్లీషు పేరు చెప్పింది. ఆ పేరు నాకు నోరు తిరగలేదు, తిరిగినా ఇక్కడ రాయను. మా ఇంట్లో అతను టోపప్పే.

మాది చింతామణిలో కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, రెంటికీ మధ్య బెల్లం దిమ్మలూ మిరపకాయల మూటలూ ఉండే చీకటి గది. ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు మిరపకాయల ఘాటుకు తుమ్ము రాదు. పెళ్లయి వచ్చినవాళ్లు మాత్రం మొదటి ఏడాదంతా తుమ్ముతూనే ఉండేవారు. మా అమ్మ నాయనతో మొదట మాట్లాడిందంతా తుమ్ముల మధ్యనేనని మా అవ్వ, అంటే నాయన తల్లి, ఎగతాళి చేసేది. అప్పటికి ప్లాస్టిక్ కవర్లు రాలేదు. ఉప్పు దగ్గర్నుంచి ఏలకుల వరకు అన్నీ కాగితం పొట్లాలే. కన్నడ పేపర్లు చిన్నవి, పలచనివి, కందిపప్పు పోస్తే చిరిగేవి. ఇంగ్లీషు పేపరు వెడల్పుగా, గట్టిగా ఉండేది కాబట్టి దాన్ని చక్కెరకూ పప్పులకూ దాచేవారు. బెంగళూరులో ఇంగ్లీషు చదివే పెద్దమనుషులు మా చక్కెర కోసమే పేపరు తెప్పించుకుంటారని నేను చాలా కాలం నమ్మాను.

ఆ కాగితాలు కోసే పని మా మేనత్తది. నాయనకు చెల్లెలు. బాగేపల్లిలో ఇచ్చారు. నాకు ఊహ తెలిసేసరికే ఆమె మా ఇంట్లో ఉంది. ఎందుకు వచ్చేసిందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. గోడకు గడియారం ఉన్నట్టు ఇంట్లో అత్త ఉంటుందనుకున్నాం. పెళ్లిళ్లకు పోయేది కాదు, గుడికి పోయేది కాదు, అంగట్లో బేరగాళ్లుంటే ముందుకు వచ్చేది కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చీకటి గది గడప దగ్గర కూర్చుని, పేపర్ల కట్ట విప్పి, పది కాగితాలు ఒకటిగా మడిచి, మడత మీద రాతి గుండుతో ఒత్తి, మొండి కత్తితో సర్రున కోసేది. కత్తెర ముట్టేది కాదు, కత్తెరకు మడత తెలియదనేది. వెడల్పు ముక్కలు చక్కెరకు ఒక దొంతి, సన్నటి ముక్కలు జీలకర్రకూ మిరియాలకూ ఇంకో దొంతి. మేము శాలె విడిచి పుస్తకాల సంచులతో వచ్చేసరికి సన్నటి దొంతి అంగట్లోకి పోయేది, వెడల్పు దొంతి మాత్రం గడప దగ్గరే ఉండేది.

వెడల్పు ముక్కల్లో అడుగున ఆ బొమ్మల కథ ఉండేది. అసలు అందులో నాలుగు గళ్లు. కాని చక్కెర పొట్లం కొలతకు పెట్టిన మడత మూడో గడి పక్కనే పడేది. నాలుగో గడి సన్నటి ముక్కతో పోయి, జీలకర్ర చుట్టుకుని ఊళ్లో ఎవరింటికో చేరేది. అందుకని మాకు ఏ కథకూ చివర తెలియదు. టోపప్ప వంగి చెప్పు వెతుక్కుంటాడు, వెనక పొట్టేలు తల వంచి చూస్తుంది, అంతటితో సరి. ఆ తరవాతిది అత్త చెప్పేది. నేనూ, నా తమ్ముళ్లిద్దరూ ఆమె చుట్టూ కూర్చుని మరమరాలు నములుతూ వినేవాళ్లం. మనిషికి టోపప్ప అని, పొట్టేలుకు చెంగడు అని పేర్లు పెట్టింది ఆమే. కోటూ బూట్లూ వేసుకున్న టోపప్పను నంది జాతరకు తీసుకుపోయింది, మిట్టేమరి చేలల్లో శనక్కాయలు పెరికించింది, పిల్లలు లేరని విదురాశ్వత్థానికి పంపి నాగరాళ్ల చుట్టూ ప్రదక్షిణలు చేయించింది. చెంగడు చెప్పును నోట కరిచి తెచ్చి ఇచ్చేవాడు. గొడుగు మరిచిపోతే కొమ్ముకు తగిలించుకుని వెనకే పరిగెత్తేవాడు. ఏ కథ అయినా ఇద్దరూ ఇంటికి పోయి రాగిముద్ద తినడంతో ముగిసేది. ఇంట్లో ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆ గంటసేపు మాత్రం చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ చెప్పేది. ఆ గంట ఆమెకు ఎంత అవసరమో నాకు అప్పుడు తెలియదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఊరికి టూరింగ్ టాకీసు డేరా వచ్చింది. అసలు సినిమాకు ముందు ఒక పాత బొమ్మల సినిమా వేస్తారని, అది ఇంగ్లీషు పేపర్లో వచ్చే టోపీ మనిషి కథేనని శాలెలో మేష్ట్రు చెప్పాడు. ఇక మా గోల చూడాలి. టోపప్ప నడుస్తాడట, చెంగడు పరిగెత్తుతాడట. అత్త కూడా రావాల్సిందేనని పట్టుబట్టాం. ఆమె రానంది. నేను రెండు పూటలు అన్నం మానేశాను. నిజానికి ఒక పూటే, రెండో పూట అవ్వ దొంగతనంగా పెరుగన్నం పెట్టింది. చివరికి నాయనే అన్నాడు, "పోయి రామ్మా. పిల్లోళ్లు అంతగా అడుగుతాండారు." అత్త ఉతికిన చీర కట్టుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మా మధ్యలో నడిచి మొదటి ఆటకు వచ్చింది. బాగేపల్లి నుంచి వచ్చేశాక ఆమె నలుగురిలోకి రావడం అదే మొదలని అమ్మ తరవాత చెప్పింది.

తెల్లటి గుడ్డ మీద టోపప్ప నిజంగానే నడిచాడు. వంగాడు. పొట్టేలు నాలుగడుగులు వెనక్కి వేసి, వచ్చి కుమ్మింది. టోపప్ప ఎగిరి చెరువులో పడ్డాడు. డేరా అంతా విరగబడి నవ్వింది. లేచి వచ్చాడు, మళ్లీ కుమ్మింది. కంచె మీద పడ్డాడు, మళ్లీ కుమ్మింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే, కళ్లలో నీళ్లు వచ్చాయి. పక్కకు తిరిగి చూస్తే అత్త తల వంచుకుని ఇసుకలో వేలితో గీతలు గీస్తోంది. నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ మమ్మల్ని మోసం చేసిందని కోపం. ఇంటికి వస్తూ, పక్కింటివాళ్లంతా వింటుండగా అనేశాను: "నువ్వు చెప్పిందంతా సుళ్లే కదత్తా, వట్టి అబద్ధాలే. చెంగడు చెప్పు తెచ్చిచ్చేది లేదు, ఏం లేదు. కుమ్ముతాడు. నీకు కడా బొమ్మే, చివర వచ్చేదే, తెలీదు." తమ్ముళ్లు కూడా సుళ్లు, సుళ్లు అని గెంతారు. పక్కింటావిడ నవ్వింది. అత్త కొంగు ఇంకాస్త దగ్గరగా కప్పుకుని ముందు నడిచింది.

మర్నాడు మేము శాలె నుంచి వచ్చేసరికి దొంతి ఉంది, బొమ్మలు లేవు. మడత మార్చింది. కత్తి ఇప్పుడు బొమ్మలకు అడ్డంగా పడుతోంది. ఒక ముక్కలో టోపప్ప బూట్లు, ఇంకో ముక్కలో టోపీ. చక్కెర పొట్లాలు చిన్నవైపోతున్నాయని అంగట్లో నాయన గొణిగాడు. అత్త మరమరాలు పెట్టేది, కథ చెప్పేది కాదు. పని అయిపోగానే గోడ వైపు తిరిగి పడుకునేది. వారం చూశాం, రెండు వారాలు చూశాం. అవ్వ ఒక రోజు నన్ను పక్కకు లాగి, "దానికి మాట్లాడేకి ఉండింది ఆ ఒగ టోపీవాడే. వాన్నీ లేకుండా చేస్తివి గదే" అంది. ఆ మాట సూటిగా గుచ్చుకుంది. నేను చేసిన తప్పు నాకు అర్థమైంది, దిద్దుకోవడం ఎలాగో అర్థం కాలేదు. క్షమించమని అడగడం మా ఇళ్లలో అలవాటు లేదు. తప్పు చేసినవాళ్లు మంచినీళ్లు తెచ్చి ఇస్తారు, అంతే.

ఒక ఆదివారం అత్త స్నానానికి పోయినప్పుడు పేపర్ల కట్టలోంచి ఒకటి లాగాను. మొదటిసారి నాలుగు గళ్లూ ఒకచోట చూశాను. మూడో గడిలో టోపప్ప పువ్వు వాసన చూస్తున్నాడు, నాలుగో గడిలో గాల్లో ఉన్నాడు. అమ్మ కుట్టుపని డబ్బాలోంచి కత్తెర తీసి నాలుగో గడిని వంకర టింకరగా కోసేసి, ఉండచుట్టి పొయ్యిలో వేశాను. మిగతా మూడు గళ్లూ తీసుకుపోయి, తల ఆరబెట్టుకుంటున్న అత్త ఒళ్లో పెట్టాను. "ఇది చెప్పత్తా" అన్నాను.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. అంచు మీద వేలు పోనిచ్చింది.

"కత్తెరతో కోసినావా?"

"ఊ."

"నాలుగోది యాడ?"

"పొయిలో ఏసేసినా."

అత్త నన్ను దగ్గరికి లాక్కుంది. ఆమె ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాచుకోదు. బాగేపల్లిలో అత్తింటి మెట్ల మీద పడిందని మాకు చెప్పేవారు. ఆ చెయ్యే నా భుజం మీద వేసి అంది, "నేనూ అదే పని చేస్తాంటి పాపా. కాయితాలు కోసేది నేనే గదా, నాలుగోది చూడకుండా ఎట్ల కోస్తా? మడ్త దానంతట అదే ఆడికి వస్తాదా? చక్కెర పొట్లానికి ఇంగా రొంత వెడల్పు కావల్ల. నేనే తగ్గించి ఆడికి తెచ్చి మడుస్తాంటి."

"ఎందుకత్తా?"

"కుమ్మితే చూసేవాళ్లు నవ్వుతారు. కుమ్మించుకునేవానికి నొప్పి ఉంటాదని ఆ బొమ్మలో యాడా ఉండదు. మీకు అది ఇప్పుడే ఎందుకని."

నాకు ఏడుపు వచ్చింది. ఆ చెయ్యి మెట్ల మీద పడి వంగింది కాదని నాకు ఎవరూ చెప్పకుండానే ఆ నిమిషంలో తెలిసిపోయింది. అన్నీ అర్థమయ్యే వయసు కాదు, కాని డేరాలో నేను ఎవరి పక్కన కూర్చుని అంతగా నవ్వానో అర్థమైంది. అత్త నా మొహం తుడిచి, తమ్ముళ్లను పిలవమంది. తడి జుట్టు వెనక్కి వేసుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది: "టోపప్ప నందిలో ఒగ పువ్వు చూసినాడంట..."

మర్నాటి నుంచి మడత పాత చోటికే వచ్చింది. కొన్నేళ్లకు పేపరు వాళ్లు ఆ బొమ్మలు వేయడం మానేశారు. అత్త మానలేదు; బొమ్మ లేకుండానే చెప్పేది, మా తమ్ముళ్ల పిల్లలకూ చెప్పింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. మొన్న రాత్రి ఊరికే పడుకుని లెక్క వేశాను. మడత మార్చిన ఆ రోజుల్లో మేము ముసలిది అనుకున్న అత్తకు ఇరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు నాకు అరవై ఏడు. వయసులో ఆమెను ఎప్పుడో దాటి వచ్చేశాను, ఆమె దాచిన నొప్పి దగ్గరికి మాత్రం ఇప్పుడే చేరుకుంటున్నాను.