మంచిగాలి డబ్బా

మా బావ పని పొగ పట్టడం. అడవి ఎక్కడ అంటుకుంటే అక్కడికి వెళ్లి, లోపలి గాలంతా తీసేసిన స్టీలు డబ్బాల్లో పొగ నింపుకొస్తాడు. వాటిని ప్రయోగశాలలో మిషనుకు తగిలించి ఏ వాయువు ఎంతుందో చూసేది మా అక్క. జీపు నడిపేది నేను. ఇంటిల్లిపాదిమీ ఆ పొగ మీదే బతుకుతున్నాం.

పొగ పట్టడం బావకు మంచినీళ్లు తాగినంత తేలిక. చిక్కంతా మంచిగాలితోనే. పొగ సోకని వైపు నిలబడి, మామూలు గాలిని కూడా ఒక డబ్బాలోకి పట్టాలి. పొగ లెక్కలోంచి దాన్ని తీసేస్తేనే అడవి ఎంత వదిలిందో తేలుతుంది. ఆ డబ్బా నిండేదాకా మనిషి తల పక్కకు తిప్పుకుని, నోరు మూసుకుని ఉండాలి. ఊపిరి పడిందా, లెక్క తప్పినట్టే.

నోరు మూసుకోవడం! మా బావ! టైరుతో మాట్లాడతాడు, టోపీతో మాట్లాడతాడు. డబ్బా నిండుతుంటే దాని మీదకు వంగి, "తాగమ్మా, తాగు" అని బుజ్జగిస్తాడు. అలా బుజ్జగించే ఈ ఏడాది రెండు మంటల లెక్కలు మట్టిపాలు చేశాడు. ప్రయోగశాల పెద్దసారు పిలిచి, "ఇంకొక్క మంచిగాలి డబ్బా పాడైతే నువ్విక అడవి మొహం చూడవు. వెనకగదిలో డబ్బాలు శుభ్రం చేసుకుంటూ కూర్చో" అన్నారు. కిటికీ కూడా లేని గది అది, మాట్లాడదామన్నా మనిషి ఉండడు.

వానలకు ముందు చివరి మంటకు వెళ్లాం. పొగ డబ్బాలు నింపేశాక బావ మంచిగాలి డబ్బాతో పక్కనున్న గుట్టెక్కబోయి వెనక్కి వచ్చాడు.

"ఏరా, ఈసారి చూడు. నోటికి తాళం వేసేశా!"

ఆ మాట చెప్పడానికే వచ్చాడు, మహానుభావుడు. నేను జీపు అద్దాలు ఎత్తి, సీటు వాల్చి పడుకున్నాను.

ధన్‌మని బానెట్ మీద ఏదో పడితే ఉలిక్కిపడి లేచాను. బావ హెల్మెట్. ఎండుటాకుల్లో పక్కగా పాకిన మంట ముందు చక్రం దాకా వచ్చేసింది! జీపు ఎలా వెనక్కి తీశానో నాకే తెలియదు. గుట్ట మీద బావ డబ్బాను గుండెకు హత్తుకుని, నోరు బిగించుకుని నిలబడి ఉన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"నేను కాలిపోతుంటే ఒక్క కేక వెయ్యలేకపోయావా బావా? డబ్బాయే ఎక్కువైందా నీకు?"

దారంతా దులిపేశాను. బావ పెదవి విప్పలేదు. ఇంటికెళ్లగానే వేణ్నీళ్లు పుక్కిలిస్తూ కూర్చున్నాడు. గొంతుకు పొగ పట్టేసిందిలే అనుకుని, నా కోపమంతా అక్క దగ్గర కక్కేశాను.

"నీ మొగుడి లెక్కలో నా ప్రాణం ఖరీదు ఒక హెల్మెట్టే!"

మర్నాడు అక్క నన్ను మిషను దగ్గరికి పిలిచింది.

"ఇది మంచిగాలి డబ్బా. కార్బన్ డయాక్సైడ్ ఎంత లేచిందో చూడు."

"పొగ తగిలిందేమో."

"పొగైతే కార్బన్ మోనాక్సైడ్ కూడా లేవాలిగా? అది కదల్లేదు. ఇది మనిషి ఊపిరి." అక్క నా మొహంలోకి చూసింది. "బుజ్జగిస్తే ఇంత పడదురా. గొంతు చించుకుని అరిచాడు, చాలాసార్లు. నువ్వే లేవలేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. వెనకగదికి పరిగెత్తితే బావ ఎవరూ చెప్పకముందే అక్కడ డబ్బాలు సర్దుకుంటున్నాడు.

"అరిచానని చెప్పొచ్చుగా బావా!"

"చెబితే డబ్బా పోయిందని ఒప్పుకున్నట్టేగా." గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఏమో, మిషను పసిగట్టదేమోనని చిన్న ఆశ."

బావను లాక్కుని పెద్దసారు దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పాను. నిద్రపోయినందుకు నాకు పడాల్సినవి పడ్డాయి. ఆ మంట లెక్క పోయిందని సారు ఇప్పటికీ గొణుగుతూనే ఉంటారు. కానీ బావను అడవి మాన్పించలేదు, మా పనులు మార్చారంతే.

ఇప్పుడు మంచిగాలి పట్టడానికి గుట్టెక్కేది నేను. బావ జీపులో అద్దాలెత్తుకుని స్టీరింగుతో కబుర్లు చెబుతుంటాడు. పైనుంచి చూస్తే పెదాలు ఆగకుండా ఆడుతుంటాయి. కళ్లు మాత్రం నా మీదే ఉంటాయి.