మామ నోరు, పెదనాన్న క్లారినెట్

మా మనవరాలు వయొలిన్ నేర్చుకుంటోంది. మొన్న సాయంత్రం నేను వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే పక్కన చేరి ఫోనులో ఏదో పెట్టింది. ఎప్పటిదో అమెరికా బ్యాండట, పశువుల కాపర్ల పెద్ద టోపీలు పెట్టుకుని ఫిడేళ్ళూ గిటార్లూ వాయిస్తూ ఊళ్ళకు ఊళ్ళనే నాట్యమాడించిన వాళ్ళట, ఆ ఫిడేలు వినమని దాని మాస్టారు పంపించారట. ఫిడేలు నిజంగానే బాగుంది. కానీ వాయించేవాడు ఎత్తుకుని కాస్త కుదురుకునేసరికల్లా బ్యాండు పెద్ద మధ్యలో దూరి ఆహా అంటాడు, ఓహో అంటాడు, వాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు, ఏదో వేళాకోళం చేసి తనే నవ్వుకుంటాడు. పాట పాటంతా ఇదే వరస. మనవరాలికి ఒళ్ళు మండి, "తాతా, గీయన జర నోరు మూసుకుంటె ఏం పోతుండె?" అంది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు, ఆ వెంటనే కళ్ళు తడిశాయి. ముక్కూ మొహం తెలియని ఆ దొర గొంతులో నాకు మా మామ వినిపించాడు మరి.

మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో నాందేడ్‌లో పెళ్ళంటే బ్యాండు, బ్యాండంటే మా మామ, కనీసం మా గల్లీ వరకైనా. మామ అంటే మా పెద్దమ్మకు తమ్ముడు. నాన్న, పెదనాన్న కలిసి ఉన్న ఇల్లు మాది, మామ ఇల్లు వెనక సందులో, అయినా అతని భోజనం మా ఇంట్లోనే. నేను మిల్లులో కొత్తగా పనికి కుదిరాను, అయినా పెళ్ళిళ్ళ రోజులొస్తే సెలవు పెట్టి మరీ జరీ పట్టీల ఎర్రకోటు తొడుక్కుని బ్యాండులో గలగలమనే గిలకలు ఆడించేవాణ్ణి. దానికి విద్య ఏమీ అక్కర్లేదు, చెయ్యి ఊపితే చాలు, అందుకే నాకిచ్చారు. మామ మాత్రం బ్యాండు మాస్టరే గానీ ఏదీ వాయించేవాడు కాదు. తోపుడు బండి మీద బ్యాటరీ, దాని పైన భోంగా, అంటే లౌడ్‌స్పీకరు, చేతిలో మైకు, అదే అతని వాద్యం. బ్యాండుకు నోరు మాస్టర్దేనని అతని ఉస్తాదు చెప్పాడట, ఆ ఒక్క ముక్క పట్టుకుని జన్మంతా లాక్కొచ్చాడు.

ఆ నోటికి ఊరేగింపు మొదటి నుంచి చివరిదాకా అడ్డూ ఆపూ ఉండేవి కావు. పెళ్ళికొడుకు మేనమామ ఏడున్నాడో ముందుకు రావాలనేవాడు, ట్రంపెట్ వాయించేవాడికి పొద్దున భార్య ఏం వండి పెట్టిందో భోంగాలో అడిగేవాడు, తెలుగులో మొదలుపెట్టి మరాఠీలోకి జారి ఉర్దూలో ముగించేవాడు. నిజం చెప్పాలంటే అది వట్టి వాగుడు కూడా కాదు. లైట్లు మోసే ఆడవాళ్ళు, గుర్రం వాడు, డ్రమ్ముల వాళ్ళు, ఎవరూ దారి చూసేవాళ్ళు కాదు, చెవులు మామకు అప్పగించి నడిచేవాళ్ళు. "వాహ్ వా, ఏం వాయిస్తున్నవ్ బావా, ఎడమకు మలుగుర్రి, ఆహాహా, తీగెలున్నయి గుర్రం మీద తల వంచాలె, క్యా బాత్ హై!" అని మెచ్చుకోలూ దారీ ఒక్క ఊపిరిలో కలిపేసేవాడు. వినేవాళ్ళకు వేడుక, నడిచేవాళ్ళకు బాట.

ఆ బావే మా పెదనాన్న. క్లారినెట్ ఆయనది. రెండు పాటల నడుమ డ్రమ్ములు తగ్గి, సైడ్ డ్రమ్ము ఒక్కటే సన్నగా నడుస్తుండగా ఆయన కళ్ళు మూసుకుని సాయంకాలమైతే యమన్ రాగం అందుకునేవాడు. అది పెళ్ళి వాళ్ళు అడిగింది కాదు, ఎవరికీ పట్టింది కాదు, ఆయన తన కోసం తాను మిగుల్చుకున్న కాస్త జాగా. సరిగ్గా ఆ జాగాలోనే మామ కాలు పెట్టేవాడు. పాట వాయిస్తున్నప్పుడు ఎవరూ మాట వినరని, మోత తగ్గినప్పుడే తన మాటకు విలువని అతని లెక్క. పెదనాన్న పొద్దున పెరట్లో సాధన చేసేటప్పుడు విందామంటే ఆయన వట్టి స్వరాలే దిద్దేవాడు, రాగం బజారులోనే వాయించాలన్నది ఆయన పట్టుదల. ఇంటికొచ్చాక కోపంతో మామతో మాట్లాడేవాడు కాదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటూ, ఉప్పు కావాలన్నా పెద్దమ్మ ద్వారానే అడిగించుకునేవాళ్ళు. నడుమ పెద్దమ్మకు అడకత్తెరలో పోకచెక్క బతుకు, ఇటు మొగుడు, అటు తోడబుట్టినవాడు.

ఒక పెళ్ళిళ్ళ కాలం మొదట్లో పెదనాన్న పై పళ్ళు కదలడం మొదలుపెట్టాయి. మామూలు మనిషికైతే జొన్నరొట్టె పాలలో నానబెట్టుకుంటే సరిపోయే బాధ. క్లారినెట్ వాయించేవాడికి అలా కాదు, నోట్లో పెట్టుకునే దాని కొస ఆనేది పై పళ్ళకే, అవి లేకపోతే గాలి నిలవదు, స్వరం నిలవదు. లవంగ నూనె పెట్టి, పటిక నీళ్ళు పుక్కిలించి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు గానీ, చివరకు పళ్ళ డాక్టరు ముందువరస మొత్తం తీసెయ్యాలని, ఆలస్యం చేస్తే దవడకు ముప్పని తేల్చేశాడు. పెదనాన్న ఇంటికొచ్చి క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తుడుస్తూ కూర్చున్నాడు. ధర్మాబాద్‌లో ఒక వ్యాపారస్థుల ఇంటి పెళ్ళి అప్పటికే ఒప్పుకుని ఉన్నాం, అది కాగానే పళ్ళు తీయించుకుంటానన్నాడు. ఆ తర్వాత పెద్దమ్మతో మెల్లగా అన్న మాట నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. "ఒక్కపారి, మొదటి నుంచి కడదాంక, నడుమల ఎవ్వలు మాట్లాడకుంట వాయించి పోవాలనున్నదే. గంతే."

పెద్దమ్మ ఆ రాత్రంతా నిద్రపోలేదట. మర్నాడు మామ భోజనానికి వస్తే రొట్టె వడ్డించకుండా ముందు కూర్చుంది. బావ ఎత్తుకున్నప్పటి నుంచి దించేదాకా పెదవి విప్పకూడదని, తన తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యాలని పట్టుబట్టింది. మామ మొదట నవ్వాడు, తర్వాత బ్యాండు పరువు పోతుందని వాదించాడు, ఆమె కళ్ళ నీళ్ళు చూసి చివరకు చెయ్యి పెట్టాడు. మాటకారే గానీ మాట తప్పేవాడు కాదు, పైగా అక్క తల మీది ఒట్టు. పెద్దమ్మ అంతటితో ఊరుకోకుండా పొరుగింటి వాళ్ళ టేప్ రికార్డర్ అడిగి తెచ్చి, కొత్త క్యాసెట్ వేసి, ఆ పూట గిలకలు పక్కన పడెయ్యమని చెప్పి నా భుజానికి తగిలించింది.

ధర్మాబాద్‌కు రైల్లో వెళ్ళాం. మారుతి గుడి దగ్గర పెళ్ళికొడుకును గుర్రమెక్కించి, ఎండ చల్లబడ్డాక ఊరేగింపు కదిలింది. బజారు మధ్యలోకి వచ్చేసరికి పాట ముగిసి డ్రమ్ములు తగ్గాయి. పెదనాన్న కళ్ళు మూసుకున్నాడు. నేను మీట నొక్కి ఆయన పక్కనే నడిచాను.

ఆ యమన్ గురించి నేనేం చెప్పను. నాకు సంగీతం తెలియదు. ఒక్కటి చెప్పగలను, అన్నేళ్ళుగా ముక్కలు ముక్కలుగా విన్నది ఆ పూట ఒక నిండు మనిషిలాగా నా ముందు నిలబడింది. దుకాణాల గద్దెల మీద కూర్చున్న సేట్లు లెక్కలాపి తలెత్తారు. భోంగాలోంచి మాట రాకపోయేసరికి నాట్యం చేసే కుర్రాళ్ళు కూడా ఏం చెయ్యాలో తోచక ఊరకే నడుస్తున్నారు. మామ మైకును చంకలో పెట్టుకుని, రెండో చేత్తో నోరు నొక్కుకుని బండి పక్కన నడుస్తున్నాడు.

అంతలో పెళ్ళికూతురి ఇంటి సందు రానే వచ్చింది. కుడికి తిరగాలి. తిరగమని చెప్పాల్సిన నోటి మీద ఒట్టుంది. మామ చేతులు ఊపాడు. బ్యాండు వాళ్ళెవరికీ అతన్ని చూసే అలవాటు లేదు, వినే అలవాటే. చూసిన ఒకరిద్దరు కూడా, మాస్టర్ ఈవేళ రాగానికి పరవశించిపోయాడనుకుని తామూ తల ఊపారు. మామ గెంతాడు, వాళ్ళూ సంతోషించారు. సందు మొదట్లో పెళ్ళికూతురి వైపు ఆడవాళ్ళు హారతి పళ్ళాలతో నిలబడి ఉండగా, వాళ్ళ కళ్ళ ముందే మేము, మా వెనక గుర్రం, గుర్రం మీద ముఖాన పూల ముసుగుతో దారి కనిపించని పెళ్ళికొడుకు, అందరం నేరుగా సాగిపోయాం. మగపెళ్ళి వాళ్ళది వేరే ఊరు, బ్యాండుకు తెలియదా దారి అని వాళ్ళూ వెంట నడిచారు. అలా పోయి పోయి మోంఢాలో, ధాన్యం మార్కెట్లో తేలాం. సంతవేళ అయిపోయింది, హమాలీలు బస్తాల మీద నడుం వాల్చి ఉన్నారు. ముందుకు దారి లేక బ్యాండు ఆగింది. పెదనాన్న మాత్రం ఆగలేదు, ఆ బస్తాల మధ్య నిలబడి రాగాన్ని నెమ్మదిగా కిందికి దించి, షడ్జం మీద ఊపిరి ఉన్నంతసేపు నిలిపి, అప్పుడు కళ్ళు తెరిచాడు. ఎదురుగా జొన్న బస్తాలు. ఒక ముసలి హమాలీ లేచి కూర్చుని రెండు చేతులూ జోడించాడు.

ఆ తర్వాత జరిగిన రభస మీరు ఊహించుకోగలరు. పెళ్ళికొడుకు తండ్రి మామ మీద విరుచుకుపడి, "ఏంది మాస్టర్, నోట్లె నాలిక లేదా? గింత దూరం పోతుంటె ఒక్క మాట చెప్పరాదా?" అని అరిచాడు. పుట్టాక మామను ఎందుకు మాట్లాడలేదని అడిగిన మనిషి ఆయనొక్కడే అయి ఉంటాడు. మామ తల వంచుకుని తిట్లన్నీ తిన్నాడు గానీ ఒట్టు సంగతి చెప్పలేదు. వెనక్కి తిరిగి ఊరేగింపును సందులోకి మళ్ళించేదాకా, మళ్ళించాక కూడా, పెదనాన్న వైపు చూడలేదు.

పళ్ళు తీయించుకున్న మర్నాడు పెదనాన్న నోట్లో దూది కుక్కుకుని గోడకానుకుని ఉన్నాడు. మామ వచ్చాడు. పెద్దమ్మ క్యాసెట్ పెట్టింది. గుర్రం డెక్కల చప్పుడు, సన్నగా డ్రమ్ము, దాని మీద క్లారినెట్. మామ మొదట కాలు ఊపుతూ విన్నాడు, తర్వాత కాలు ఆగింది, తర్వాత నేల మీద గొంతుక్కూర్చున్నాడు. అయిపోయాక పెదనాన్న వైపు తిరిగాడు. "బావా, గిది నువ్వేనా? ఇన్నేండ్ల సంది నీ పక్కపొంటి నడిస్తి. నేను ఒక్కనాడన్న ఇనకపోతిని." ఆ మాట అంటూ పెద్ద పెట్టున ఏడ్చాడు. పెదనాన్న నోటి నిండా దూది. చెయ్యి చాచి మామ భుజం మీద వేశాడు. పెద్దమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూనే మన నాందేడ్ మరాఠీ సామెత ఒకటి అంది, "దాత్ ఆహేత్ తర్ చణే నాహీత్, చణే ఆహేత్ తర్ దాత్ నాహీత్." పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలు దొరికితే పళ్ళు లేవు.

కట్టుడు పళ్ళు వచ్చాక పెదనాన్న ఒకసారి ప్రయత్నించాడు. వట్టి గాలి వచ్చింది, తర్వాత ఒక కీచు వచ్చింది. తుడిచి పెట్టెలో పెట్టేశాడు. మామ మారాడు. ముందు ఒక మనిషికి ఎర్రగుడ్డ ఇచ్చి దారి చూపించడానికి పెట్టుకున్నాడు, క్లారినెట్ వంతు వచ్చిందంటే మైకు బండి మీద బోర్లించేవాడు. పెదనాన్న చోట వచ్చినవాడికి రాగం ఒంటపట్టలేదు, వాడి కోసం అంత మౌనం ఎందుకని బ్యాండు వాళ్ళే విసుక్కునేవారు. మామ పట్టించుకోలేదు. ఆ క్యాసెట్ అడిగి పట్టుకెళ్ళి పొద్దూ మాపూ విన్నాడు, విని విని టేపు సాగిపోయి గొంతు బొంగురుపోయి, చివరకు తెగిపోయింది. అతికించినా పలకలేదు. ఇప్పుడు మామా లేడు, పెదనాన్నా లేడు, ఆ సాయంకాలం విన్నవాళ్ళలో నేను మిగిలాను.

ఇప్పుడూ మా వీధిలో ఊరేగింపులు వెళ్తుంటాయి. పోయిన వారం ఒకటి వెళ్ళింది, బండి మీద ఒక్కడే కుర్రాడు, వాడి ముందొక కీబోర్డు. ఏదో మీట నొక్కితే అచ్చం క్లారినెట్ పలికింది, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా. జనం తమ మాటల్లో తాముండి, ఫోనుల్లో తాముండి నడిచిపోయారు. ఒకప్పుడైతే నాకు కోపం వచ్చేది. ఆ వేళ రాలేదు, గేటు పట్టుకుని ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఆ కీబోర్డు పెట్టెకు పళ్ళూడవు. రేపైనా వినొచ్చు, ఎల్లుండైనా వినొచ్చు.