ఏడవనివాళ్ల రిగ్రెట్

మా ఇంగ్లీషు మాస్టారు పోయారన్న సంగతి, ఆయన్ని తీసేసిన బడి నోటీసుబోర్డు మీదే చదివాను. 'డీప్లీ రిగ్రెట్' అని టైపు కొట్టించి, కింద కమిటీవాళ్లు వరసగా సంతకాలు పెట్టారు. మొదటిది ఒకప్పుడు మా నాన్న మీద అజమాయిషీ చేసిన ఫోర్‌మన్‌గారిది. ఒళ్లు మండిపోయింది. సిగ్గులేని మనుషులు.

ఆ ఒక్క క్రియ మీద మాస్టారికున్న పట్టింపు ఇంకే మాట మీదా లేదు. పాత ఫ్రెంచి భాషలో దానికి పోయినవాళ్ల కోసం ఏడవడమని అర్థమట. ఇంగ్లీషులోకి వచ్చాక, చేసినదానికి బాధపడడం కూడా అయింది. ఆఫీసుల చేతిలో పడ్డాక మాత్రం ఏ అర్థమూ మిగల్లేదు. బండి ఆలస్యమైతే రిగ్రెట్, సెలవు ఇవ్వకపోతే రిగ్రెట్, మనిషిని వీధిన పడేస్తే రిగ్రెట్. మీకూ అలాంటి కాగితాలు వచ్చే ఉంటాయి. పకోడీలు కట్టిన కాగితంలో ఆ మాట కనబడినా సరే, మాస్టారు చెవి మీది ఎర్ర పెన్సిలు తీసేవారు.

"ఇక్కడ ఎవుడేడ్సినాడమ్మా?" అని నన్ను అడిగేవారు.

"ఎవరూ ఏడవలేదండీ."

"మరైతే కొట్టెయ్" అని పెన్సిలు నా చేతికిచ్చేవారు.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంగ్లీషు రాదు. ఒకసారి షాపులో క్రేను గొలుసు తెగి ఒక ఖలాసీ కాలు పోయింది. గొలుసు అరిగిపోయిందని నాన్న మొత్తుకుంటే వినని ఫోర్‌మనే, తప్పంతా నాన్నదే అయినట్టు, అందుకు రిగ్రెట్ అవుతున్నట్టు కాగితం తయారు చేయించి తెచ్చాడు. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుందన్నాడు. నాన్న ఆ కాగితం పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని సుభాష్‌పల్లిలో మాస్టారింటికి వెళ్లాడు.

"ఎట్టెయ్యమంటారేటి మాస్టారూ? పిల్లలున్నారు."

"గొలుసు సంగతి సెప్పినావా, నేదా?"

"మూడుసార్లు సెప్పినాను."

"మరింకేటి? ఏడవాల్సినోడు ఆడు. ఆడి ఏడుపు నువ్వెందుకు ఏడ్సాల?"

ఆ కాగితం చింపేసి, జరిగింది జరిగినట్టు మాస్టారే రాసిచ్చారు. రాసింది తానేనని కింద పేరు కూడా పెట్టారు. రిగ్రెట్ అన్న మాట ఇంగ్లీషులో ఎలా ఉంటుందో పలక మీద రాసి, నాన్న చేత పదిసార్లు దిద్దించారు. "ఇదున్న కాగితం మీద సంతకం ఎట్టకు" అన్నారు.

ఆ కాగితం పై ఆఫీసుకి చేరి నాన్న ఉద్యోగం నిలిచింది. మాస్టారిది పోయింది. బడి కమిటీలో ఫోర్‌మన్ మాటే చెల్లేది. ఒక్క ముక్క రిగ్రెట్ అని రాసిస్తే ఉంచుతామన్నారట. మాస్టారు నవ్వి వచ్చేశారు. తర్వాత పదిహేనేళ్లు వరండాలో మా బోటివాళ్లకి పాఠం చెప్పుకుని బతికారు. మంచాన పడినప్పుడు కూడా ఈ సంతకాల పెద్దమనుషుల్లో ఒక్కడూ గుమ్మం తొక్కలేదు.

నోటీసు సంగతి చెబితే నాన్న తాల్‌బగీచాలో మా ఇంటి నుంచి నాతో నడిచి వచ్చాడు. బోర్డు ముందు నిలబడి, అక్షరాల మీద వేలు నడిపి ఒకచోట ఆపాడు.

"ఇదే కదేటమ్మా?"

"ఇదే నాన్నా."

నేనూ ఇప్పుడు టీచర్నే. సంచీలోంచి ఎర్ర పెన్సిలు తీసి, కొట్టెయ్యమని ఇచ్చాను. నాన్న అందుకోలేదు. ఆ మాట మీద వేలు అలాగే ఉంచి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

"దాదా, హాత్ మత్ లగావ్!" అంటూ, బోర్డు మీద చెయ్యి పెట్టొద్దని ప్యూను అరిచాడు. నాన్న వేలు తియ్యలేదు.

నేను పెన్సిలు మళ్లీ సంచీలో పెట్టేసుకున్నాను.