రెప్ప కొట్టని చుక్కలు

చుక్కలు ఎందుకు మిణుకుమంటాయని మా అమ్మాయి ఐదేళ్ల వయసులో అడిగింది. చుక్క కదలదు, మధ్యలో ఉన్న గాలి కదులుతుంది, వేడిగాలీ చల్లగాలీ కలిసే చోట దాని వెలుగు అటూ ఇటూ వంగుతుంది అని నాకు తెలిసినంత చెప్పాను. అది బుద్ధిగా విని, "మరి గాలి ఆగితే?" అంది. మిణుకు తగ్గుతుందన్నాను.

"అంటే రెప్ప కొట్టకుండ సూస్తయా?"

ఆ మాట నాకు నచ్చలేదు.

మాది పాశమైలారం ఫ్యాక్టరీలను ఆనుకున్న ఊరు. గాలి ఆడితే వాటి రసాయనాల వాసన ఎటో కొట్టుకుపోతుంది. చలికాలంలో గాలి బిగిస్తే మాత్రం ఇళ్ల మీదికి దిగి అక్కడే ఉంటుంది. పిల్లకు ఉబ్బసం. మా భయమంతా దాని ఊపిరి గురించే.

ఆ చలికాలం ఒకరోజు దీపాలు పెట్టే వేళ, అది డాబా దిగి వచ్చి నా కొంగు పట్టుకుంది. "అమ్మా, ఇయ్యాల సుక్కలన్ని నన్నే సూస్తున్నయ్." ఛాతీలో అప్పటికే పిల్లికూతలు. మందు పీల్పించాను.

మా అత్తమ్మ ఆ మాట విన్నది. "గట్ల తేరిపార జూస్తే దిష్టి తాకదా?" అంటూ ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్ల చుట్టూ తిప్పి, వాకిట్లో నీళ్ల పొయ్యిలో వేసింది. ఆ పొగ దానికి పడదని లోపలికి లాక్కుపోయి, గుమ్మంలోంచి చూశాను. మిరపకాయలు నల్లబడి పేలాయి. ఘాటు రాలేదు. అత్తమ్మ పొయ్యి మీదికి వంగినా దగ్గలేదు.

"సూసినవా బిడ్డా, జెరంత ఘాటు లేదు. ఎంత దిష్టి తాకిందో!"

నేనూ గట్టిగా పీల్చి చూశాను. పొద్దుటి నుంచీ కడుపులో తిప్పిన ఆ ఫ్యాక్టరీ వాసన కూడా ఇప్పుడు తెలియడం లేదు. వాసన పోలేదేమో, మా ముక్కులే మొద్దుబారాయేమో.

మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. పిల్లను స్కూటీ మీద ముందు నిలబెట్టుకుని, అత్తమ్మను వెనక ఎక్కించుకుని, ఫ్యాక్టరీలు దాటి మా అమ్మ వాళ్ల ఊరి దారి పట్టాను. దారి పొడుగునా దాని ఊపిరి ఈల వేస్తూనే ఉంది. అది ఆగినట్టనిపించిన ప్రతిసారీ బ్రేకు వేసి వీపు తడిమాను. జొన్న చేల మధ్యకు వచ్చాక చల్లగాలి మొహానికి కొట్టింది. పిల్ల తల ఎత్తి, "అమ్మా, రెప్ప కొట్టినయ్" అంది. బండి ఆపి ఏడ్చాను.

అప్పటి నుంచి అది అక్కడే, మా అమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. మా ఉద్యోగాలూ ఇల్లూ ఇక్కడ. అది లేని ఇంట్లో నాకు తినబుద్ధి కాదు. రోజూ చీకటి పడగానే ఫోన్ చేస్తుంది.

"అమ్మా, ఆడ సుక్కలు రెప్ప కొడుతున్నయా?"

డాబా ఎక్కి చూస్తాను. "కొడుతున్నయి బిడ్డా" అంటాను.

నిన్న కూడా అలాగే అన్నాను. నెత్తి మీద ఒక్క చుక్కా రెప్ప కొట్టడం లేదు.