ముల్లు నొక్కిన గాలాలు

ఇన్నేళ్లుగా ఒక మనిషి చేతుల బరువు నేను మోస్తున్నాను. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఈ సంగతి అందులో రాయలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

రిటైరయ్యాక ఎల్లారెడ్డిలో నాకు పట్టిన పిచ్చి, ఈకలతో గాలాలు కట్టడం. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. వానపామును గుచ్చే పని లేదు. కోడిపుంజు మెడ ఈకలు, మేక వెంట్రుకలు గాలానికి చుట్టి కడితే నీటిమీద కప్పపిల్లలా కదులుతుంది. నాచులో చిక్కుకోకుండా మొనను వెంట్రుకలతో కప్పడం నా పద్ధతి. ఎన్ని పాడుచేశాక చేయి కుదిరిందో నాకే తెలుసు.

నర్సింలన్న నాతో ఒకే ఆఫీసులో పనిచేశాడు. ఉండేది కామారెడ్డిలో. ఆదివారాలు ఇద్దరం నిజాంసాగర్‌కు చేపలు పట్టడానికి వెళ్లేవాళ్లం. ఒకసారి నేనిచ్చిన గాలంతో పెద్ద కొర్రమట్ట చేపను పట్టాడు. ఆ సాయంత్రం మా ఇంట్లోనే, తెలిసినవాళ్లందరి ముందు, ఆ గాలం తానే కట్టానన్నాడు.

"గది నేను కట్టిచ్చిందే గదన్నా," అన్నాను.

"నువ్వా? నీకు లుంగీ ముడే నిల్వది, గాలమేం కడ్తవ్ తమ్మీ!"

అందరూ నవ్వారు. నా భార్య కూడా, కొంగు అడ్డం పెట్టుకుని. ఆ నవ్వే నన్ను కాల్చింది.

వారం తిరక్కుండా ఒంటరిగా వచ్చాడు. "గసొంటియే ఇంకో నాలుగు కట్టియ్యరాదె," అన్నాడు, సిగ్గైనా లేకుండా. కట్టాను. నా జన్మలో అంత అందంగా కట్టలేదు. కానీ ముందుగా, మొన వెనక ఉండే చిన్న ముల్లును, చేపను జారిపోనివ్వని ఆ ముల్లును, ఒక్కో గాలానికీ పట్టుకారుతో నొక్కి చదును చేశాను. వెంట్రుకల కింద ఎవరికి కనబడుతుంది?

చేపలు తగిలేవి. దారం కాస్త వదులవగానే జారిపోయేవి. ఆదివారం తర్వాత ఆదివారం. గాలం తానే కట్టానని చెప్పుకున్నవాడు గాలాన్ని ఎలా తిడతాడు? నన్ను ఏమని అడుగుతాడు? ఒడ్డున చేపలు పట్టే మిగతావాళ్లు ఇప్పుడు ఆయన్ని చూసి నవ్వారు. అది చాలలేదు నాకు. దగ్గరికి వెళ్లి, ఎంతో ప్రేమగా, "చేతులు వణుకుతున్నయేమో చూస్కో అన్నా," అన్నాను.

ముల్లు నొక్కడం పగ. మరి ఈ మాట? దీనికి ఏం పేరు పెట్టను?

ఆయన నమ్మాడు. మాటిమాటికీ చేతులు చూసుకునేవాడు. స్కూటర్ మానేశాడు. చంటి మనవరాలిని ఎత్తుకోవడం మానేశాడు. చివరికి తన గాలం కర్ర తెచ్చి నాకే ఇచ్చాడు. మొన్న వాళ్లింటికి వెళితే చాయ్ కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. నిజంగానే వణికాయి. వయసా, నా మాటా? నాకు తెలియదు.

"అందరికన్న ముందుగాల నువ్వే పసిగట్టినవ్ తమ్మీ," అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. చాయ్ తాగి వచ్చేశాను.

ఇది రాస్తున్నప్పుడు కూడా, ఆ నవ్వు గుర్తొస్తే, తగిన పనే చేశాననిపిస్తుంది. పశ్చాత్తాపమని అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు ఆయన చేతుల్లో ఏ లోపమూ లేదని తెలిసినవాణ్ణి ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే. ఇప్పుడు మీకూ తెలుసు.